ఏసీలో కుళ్లు కంపు, డ్యాష్‌బోర్డులో వెలిగి ఆరే లైట్లు: రెండింటికీ మూలం ఒకటే

కారు తెచ్చిన ఓనరు చెప్పిన కంప్లయింట్లు రెండు. ఒకటి, బ్లోయర్ తిప్పితే చాలు లోపల కూర్చోలేనంత కంపు. రెండోది, నడుస్తుండగా ఉన్నట్టుండి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు, స్టీరింగ్ లైటు వెలుగుతాయి, స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోతుంది, రెండు క్షణాలాగి మళ్లీ అంతా మామూలే. అప్పటికే ఆయన రెండు చోట్ల చూపించారు. ఒక చోట ఏసీ వెంట్లలో స్ప్రే కొట్టి పంపించారు, అది రెండు రోజులు పనిచేసింది. ఇంకో చోట ఏబీఎస్ మాడ్యూల్, అంటే దాన్ని నడిపే కంప్యూటర్ పెట్టె, పోయింది, మార్చాలన్నారు. దాని ధర విన్నాక ఇంకెవరికైనా చూపిద్దామని మా దగ్గరికి తెచ్చారు. కారులో మూడు సెంటు సీసాలు వేలాడుతున్నాయి. పూల వాసన, దాని కింద నుంచి కుళ్లు, రెండూ కలిసి తలుపు తీయగానే కడుపులో తిప్పేశాయి.

మన పనిలో ఒక అలవాటుంది. కంపు అంటే ఏసీ మెకానిక్ పని, లైట్లు అంటే ఎలక్ట్రీషియన్ పని అని కేసుని మొదట్లోనే రెండుగా చీల్చేస్తాం. నేను అలా చీల్చే ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను.

"ఈ రెండూ ఎప్పుడు మొదలయ్యాయండీ?"

"కారు చాలాకాలం కవరేసి పక్కన పెట్టేశానండీ. మళ్లీ తీసిన రోజు నుంచే లైట్లు. బానెట్ ఎత్తితే ఎలుక పెంటికలు కనిపించాయి, ఎలుకల మందు పెట్టాను. ఆ తర్వాత వారానికల్లా ఈ కంపు."

ఈ మాటల్లోనే సగం కేసు ఉంది. ఎలుక వైర్లు కొరికింది, మందు తినింది, కారులోనే ఎక్కడో చచ్చింది. కానీ ఊహ సరిపోదు, ఎక్కడ చచ్చిందో, ఏ వైరు కొరికిందో తేలాలి. డ్యాష్‌బోర్డంతా ఊడదీసి వెతకడం ఎవరైనా చేస్తారు, కారు యజమానికి అది పెద్ద ఖర్చు, పైగా ఊడదీసిన డ్యాష్‌బోర్డు మళ్లీ కిరకిరలాడకుండా బిగించడం కష్టం.

ముక్కుతో మొదటి పరీక్ష

వాసన కూడా ఒక కోడే, చదవడం వస్తే చాలు. ఏసీ వేసిన మొదటి నిమిషంలో ముక్కిన గుడ్డ వాసన వచ్చి తర్వాత తగ్గిపోతే ఎవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) మీద బూజు పట్టిందని. తియ్యటి వాసనతో పాటు అద్దం లోపలివైపు జిడ్డుగా ఆవిరి పడుతుంటే హీటర్ కోర్ (హీటరుకి వేడినిచ్చే చిన్న రేడియేటర్) నుంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కారుతోంది. కుళ్లిన గుడ్డు వాసన అయితే బ్యాటరీ ఓవర్‌చార్జ్ అవుతోందా అని ముందు చూస్తాను, ఆ తర్వాత ఇంజిన్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వైపు వెళ్తాను. చచ్చిన జంతువు కంపుకి వీటితో పోలిక లేదు. మాంసం కుళ్లినప్పుడు పుట్రెసిన్, కెడావరిన్ అనే రసాయనాలు పుడతాయి, 1885లో లుడ్విగ్ బ్రీగర్ అనే జర్మన్ వైద్యుడు వీటి గురించి రాశాడు. కుళ్లిన రసం స్పాంజిలోకి, కార్పెట్‌లోకి ఇంకిందంటే వాసన అక్కడే కాపురం పెడుతుంది. మూలం తీయకుండా సెంటు కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక చోటు పట్టుకోవడం. బ్లోయర్ ఆపి, అద్దాలన్నీ మూసి, కాసేపు కూర్చోవాలి. అప్పుడు కూడా కంపు గట్టిగా ఉంటే మూలం కార్పెట్ కిందో, సీటు కిందో, డిక్కీలోనో ఉంటుంది. బ్లోయర్ వేసి బయటి గాలి మోడ్‌లో పెట్టినప్పుడే వస్తే వైపర్ల కింద గాలి పీల్చుకునే చోటో, ఇంజిన్ గదో. లోపలి గాలి మోడ్‌లో పెట్టినా, బయటి గాలి మోడ్‌లో పెట్టినా ఒకే స్థాయిలో వస్తే, ఆ రెండు దారులూ కలిసే ఫ్లాప్ దాటాక ఎక్కడో ఉంది, అంటే బ్లోయర్ కానీ ఎవాపరేటర్ పెట్టె కానీ. ఈ కారులో బ్లోయర్ ఆపితే కంపు పల్చగా ఉంది, వేస్తే రెండు మోడ్‌లలోనూ ముక్కు పగిలిపోయేలా వచ్చింది. పైగా బ్లోయర్ రెండో స్పీడులో గరగరమని అదురుతోంది. ఫ్యాన్ బ్యాలెన్స్ తప్పింది, అంటే దాని రెక్కల్లో ఏదో ఇరుక్కుంది. ఇంకేమీ విప్పక ముందే చోటు దొరికినట్టే.

విప్పే ముందు

ఈ భాగం తోటి మెకానిక్‌లు ఆగి చదవాలని నా కోరిక. మన చేతిలో ఎయిర్ గన్ ఉంటుంది, దుమ్ము కనిపిస్తే ఉఫ్‌మని కొట్టేస్తాం. ఎలుకల చెత్త మీద ఆ పని అస్సలు చేయకూడదు. ఎండిన మూత్రం, పెంటికలు పొడి అయి గాల్లోకి లేస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, హంటావైరస్ అలాగే సోకుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగడం, చీపురుతో పొడిగా ఊడ్వడం కూడా అంతే ప్రమాదం. ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, మూత్రం తగిలిన తడి నుంచి చర్మం మీది కోతల ద్వారా, కళ్ల ద్వారా లోపలికి పోతుంది. చేతుల మీద కోతలు లేని మెకానిక్ ఎవరున్నారు?

అందుకని ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, కారు నాలుగు తలుపులూ తీసి ముందు గాలి ఆడనిస్తాం. బ్లీచ్ ఒక వంతుకి నీళ్లు తొమ్మిది వంతులు, అప్పటికప్పుడు కలిపింది, చెత్త బాగా తడిసేలా చల్లి అయిదు నిమిషాలు వదిలేసి, తర్వాత తడిగానే తీసి రెండు కవర్లలో మూట కట్టాలి. అయితే బ్లీచ్‌ని వైర్లని కలిపే కప్లర్ల మీద, ఎవాపరేటర్ అల్యూమినియం మీద కొట్టకూడదు, లోహాన్ని తినేస్తుంది. అక్కడ లోహానికి హాని చేయదని లేబుల్ మీద రాసున్న డిసిన్ఫెక్టెంట్ వాడాలి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లతో బ్లీచ్ కలిస్తే విషవాయువు పుడుతుంది, ఎలుక మూత్రంలోనూ అమోనియా ఉంటుంది కాబట్టి మూసిన కారులో తల దూర్చి ఈ పని చేయొద్దు.

ఇంకొకటి. ఇలాంటి పని రాగానే దాన్ని వర్క్‌షాపులో చిన్న కుర్రాడి మీదకి తోసేయడం చాలా చోట్ల చూశాను, నాకు ఒళ్లు మండే విషయం అది. గ్లవ్స్ లేకుండా, మాస్కు లేకుండా, ఏం ముట్టుకుంటున్నాడో చెప్పకుండా. మా దగ్గర ఈ పని సీనియర్ చేస్తాడు, కుర్రాడు దూరంగా నిలబడి టూల్స్ అందిస్తూ నేర్చుకుంటాడు.

బ్యాటరీ తీసేసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాకే గ్లవ్ బాక్స్ ముట్టుకున్నాను. దానిపైనే ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, ఆ పసుపు కప్లర్ల జోలికి కరెంటు ఉండగా వెళ్లకూడదు, వాటి మీద మామూలు మల్టీమీటర్ పెట్టనూ కూడదు.

బ్లోయర్ లోపల

గ్లవ్ బాక్స్ ఊడదీసి కేబిన్ ఫిల్టర్ లాగితే ముందు కనిపించింది ఫిల్టర్ మధ్యలో కొరికిన గుండ్రటి రంధ్రం. మడతల నిండా పెంటికలు. ఫిల్టర్ కాగితాన్నే చీల్చి గూటికి వాడుకుంది. బ్లోయర్ మోటర్‌ని కింద నుంచి పట్టి ఉంచేవి మూడు స్క్రూలే. మోటర్ కిందికి దించే ముందు కింద ప్లాస్టిక్ షీటు పరిచాను, ఎందుకంటే ఇలాంటివి దించేటప్పుడు ఒడిలో పడతాయి.

పడింది కూడా. బానెట్ కింద అతికించే ఇన్సులేషన్ దూది పోగులు, టిష్యూ కాగితం, గింజల పొట్టు, వీటన్నిటి మధ్య పెద్ద ఎలుక ఒకటి. ఒక పక్క బ్లోయర్ గాలికి ఎండి తోలులా బిగుసుకుపోయింది, పెట్టె గోడకి ఆనుకున్న రెండో పక్క ఇంకా తడిగా, పురుగులతో కదులుతూ ఉంది. ఫ్యాన్ రెక్కల సందుల్లో వెంట్రుకలు, చర్మం ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి, ఈగ పురుగులు గూడు కట్టుకున్న గోధుమరంగు తొడుగులు రెక్కల మూలల్లో వరసగా అంటుకుని ఉన్నాయి. అదురు అందుకే. బ్లోయర్ వేసిన ప్రతిసారీ గాలి దీని మీదుగా వెళ్లి ఓనరు కుటుంబం ముఖాన కొట్టింది. ఓనరుకి ఫొటో చూపించినప్పుడు ఆయన మొదట అడిగింది, "పిల్లలకి ఏమైనా అవుతుందా?" అని. నేను డాక్టర్ని కాను, జ్వరం, ఒళ్లునొప్పులు లాంటివి వస్తే ఈ విషయం డాక్టరుకి తప్పకుండా చెప్పమన్నాను. అంతకుమించి ధైర్యం చెప్పడం నా పని కాదు.

ఫ్యాన్ కడిగి వాడొచ్చు కదా అంటారు కొందరు. నేను మార్చేశాను. ఆ సన్నటి రెక్కల మధ్య ఒక్క ముక్క మిగిలినా బ్యాలెన్స్ రాదు, వాసనా పోదు.

తర్వాత ప్రశ్న ఎవాపరేటర్. దాన్ని బయటికి తీయాలంటే ఈ కారులో డ్యాష్‌బోర్డు దించాలి, గ్యాస్‌ని రికవరీ మెషీన్‌తో లాగాలి, ఓ-రింగులు మార్చి, వ్యాక్యూమ్ పట్టి మళ్లీ నింపాలి. బ్లోయర్ తీసిన రంధ్రం లోంచి కెమెరా దూర్చి చూశాను. ఎవాపరేటర్ ముఖం మీద పోగులు, మరకలు ఉన్నాయి కానీ లోహం తినేసిన తెల్లటి పొడి లేదు, ఆయిల్ మరక లేదు, గ్యాస్ ప్రెషరూ సరిగ్గానే ఉంది. కాబట్టి దించలేదు. పోగుల్ని తడిపి సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే తీసి, ఎవాపరేటర్ ఫోమ్ క్లీనర్ కొట్టాను. కొట్టాక నీళ్లు కింద డ్రెయిన్ పైపు లోంచి రావాలి, రాలేదు. చెత్త అడ్డుపడింది. దాన్ని అలాగే వదిలేస్తే ఏసీ నీళ్లు కార్పెట్ కిందికి చేరి, వారం తిరక్కుండా ఇంకో రకం కంపుతో కారు మళ్లీ వచ్చేది. పైపు శుభ్రం చేశాక మొదట నల్లగా, తర్వాత తేటగా నీళ్లు దిగాయి.

చాలామంది వదిలేసేది గాలి ఫ్లాపుల అంచున ఉండే స్పాంజి పట్టీ. మూత్రం, కుళ్లిన రసం అందులోకి ఇంకుతాయి, ఎంత కడిగినా పోవు. పాత పట్టీ గీకేసి, నీరు పీల్చని రకం ఫోమ్ కొత్తది అంటించాను. కార్పెట్ అంచు తడిసిన చోట ఎంజైమ్ క్లీనర్ వేసి ఆరబెట్టాం. ఓజోన్ మెషీన్ పెట్టమని ఓనరు అడిగారు. మూలం పూర్తిగా తీశాక చివర్లో కాసేపు పెట్టొచ్చు, కానీ శవం లోపల ఉండగా ఓజోన్ పెట్టి ఉపయోగం లేదు, ఎక్కువసేపు పెడితే రబ్బరు బీడింగులు పెళుసవుతాయి, అది నడుస్తుండగా లోపల మనిషి ఉండకూడదు. ఈ కారుకి అవసరం పడలేదు.

లైట్ల సంగతి

స్కానర్ పెడితే మీటర్ కన్సోల్‌లోనూ, బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లోనూ (లైట్లు, తలుపులు లాంటివి చూసుకునే కంప్యూటర్) యూ0100, యూ0121 కోడ్‌లు. మొదటిది ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూతో మాట తెగిందని, రెండోది ఏబీఎస్‌తో మాట తెగిందని. రెండూ అప్పుడప్పుడు వచ్చిపోయే రకం. ఏబీఎస్ మాడ్యూల్ లోపలికి వెళ్లి చూస్తే దాని సొంత లోపాల గురించి ఒక్క కోడూ లేదు. మాట్లాడుతున్నంతసేపు చక్కగా మాట్లాడుతోంది. స్పీడు సమాచారం పంపేది అదే కాబట్టి దాని మాట తెగిన క్షణాన స్పీడోమీటర్ పడిపోతుంది, స్పీడు తెలియక స్టీరింగ్ కూడా లైటు వేస్తుంది. ఇన్ని లైట్లకి ఇంతే కథ. "ఏబీఎస్‌తో సంబంధం లేదు" అని కోడ్ చెప్తే ఏబీఎస్ పోయిందని కాదు అర్థం. ఫోన్ కలవకపోతే అవతలి మనిషి చచ్చిపోయాడని ఎవరూ అనుకోరు కదా, లైను చూస్తాం.

వైరింగ్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని చూస్తే మాట తెగిన మాడ్యూల్స్ రెండూ బానెట్ వైపువి, బాగున్నవన్నీ కేబిన్ వైపువి. తెగింది ఆ రెండింటి మధ్య.

ఈ మాడ్యూల్స్ మాట్లాడుకునేది క్యాన్ అనే పద్ధతిలో, బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. మెలితిప్పిన రెండు వైర్లు, రెండు కొసల్లో చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్. బ్యాటరీ తీసేసి స్కానర్ పోర్టులో 6వ పిన్నుకీ 14వ పిన్నుకీ మధ్య కొలిస్తే దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొసకి దారి తెగింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఈ కారులో 60 వచ్చింది. ఇక్కడే చాలామంది లైను బాగుందని వదిలేస్తారు. కారు కదలకుండా ఉన్నప్పుడు కదా కొలిచాం, లోపం వచ్చేది అదురుకి. మీటర్ పెట్టే ఉంచి హార్నెస్‌ని, అంటే వైర్ల కట్టని, ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికీ కేబిన్‌కీ మధ్య గోడ) దగ్గర నుంచి మెల్లగా కదుపుతూ వస్తే, బ్యాటరీ ట్రే కింద చెయ్యి తగలగానే 120కి ఎగిరింది. వదిలితే 60. మళ్లీ తాకితే 120.

ట్రే ఎత్తితే తెలిసింది. ముడతల గొట్టం రెండు చోట్ల తెరిచి ఉంది, దానికి చుట్టిన టేపు లేదు, అంచుల మీద జంట పళ్ల గాట్లు. క్యాన్ వైర్లలో ఒకటి మూడు పోగుల మీద వేలాడుతోంది, రాగి పచ్చగా తుప్పు పట్టింది. పక్కన ఆక్సిజన్ సెన్సర్ వైరు, అద్దం కడిగే పంపు వైరు కూడా ఇన్సులేషన్ పోయి బోడిగా ఉన్నాయి. ఇంకొన్నాళ్లు ఆగితే ఏదో ఒకటి బాడీకి తగిలి షార్ట్ అయ్యేది. ట్రే మూలలో ఇంకో దూది గూడు ఉంది, అలాంటివి ఎగ్జాస్ట్ దగ్గర పడితే కారే తగలబడుతుంది.

ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోవడం దానికి తప్పదు. కొత్త కార్లలో సోయాతో చేసిన వైర్లు వాడుతున్నారు, అందుకే కొరుకుతున్నాయి అనే మాట బాగా తిరుగుతోంది. పాత రకం ప్లాస్టిక్ వైర్లున్న ముసలి కార్లని కూడా ఇలాగే కొరికినవి నేను చూశాను కాబట్టి దాన్ని నేను అంతగా పట్టించుకోను. చీకటి, వెచ్చదనం, కదలని కారు, ఈ మూడూ చాలు.

రిపేరులో తొందర పడితే మళ్లీ అదే లోపం. తుప్పు ఇన్సులేషన్ లోపల ముందుకి పాకుతుంది, అందుకని పైకి బాగున్న వైరుని కూడా రాగి మెరుస్తూ కనిపించేదాకా కోసుకుంటూ వెళ్లాలి. ఆ ఖాళీని అదే మందం వైరుతో పూరించి, రెండు వైర్ల పొడవూ సమానంగా ఉంచి, మొదట్లో ఎంత మెలిక ఉందో అంతే మళ్లీ తిప్పాలి. ఆ మెలికే బయటి కరెంటు గోలని ఆపేది. అతుకులు రెండూ పక్కపక్కన రాకుండా కాస్త ముందూ వెనకా వేశాను, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేడి చేసి బిగించాను. ఇంజిన్ అదిరే చోట ఒట్టి సోల్డరింగ్ అంటే నాకు నమ్మకం లేదు, సోల్డర్ ఎక్కడ ఆగుతుందో ఆ అంచున వైరు విరుగుతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయడం గురించైతే మాట్లాడక్కర్లేదు.

పైన చుట్టడానికి మిరపకాయ కారం కలిపిన టేపు దొరుకుతుంది, హోండా వాళ్లు తమ కార్ల కోసం అమ్ముతారు. ఈ కారు వాళ్లది కాకపోయినా టేపుకి కంపెనీ తేడా లేదు, అదే చుట్టాను. చుట్టేటప్పుడు కళ్లు నలుపుకోకండి.

అన్నీ బిగించాక హార్నెస్‌ని ఎంత కదిపినా 60 ఓమ్‌లే. స్కోపు (వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని గీతగా చూపించే పరికరం) పెట్టి చూస్తే రెండు వైర్లూ 2.5 వోల్టుల దగ్గర నుంచి ఒకటి 3.5కి, ఒకటి 1.5కి శుభ్రంగా కొడుతున్నాయి. కారు ఆపి లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయాక బ్యాటరీ నుంచి లాగే కరెంటు 50 మిల్లీయాంప్‌ల లోపే. ఏబీఎస్ మాడ్యూల్ పాతదే ఉంది, ఇప్పటికీ అదే నడుస్తోంది.

మళ్లీ రాకుండా

చిన్న ఎలుక దూరడానికి సెంటీమీటరుకి కాస్త పైన సందు చాలు. చుంచు అయితే అందులో సగం సందులో దూరుతుంది. బయటి గాలి పీల్చే చోట ఈ కారుకి జాలీ లేదు. 6 మిల్లీమీటర్ల కంటే పెద్ద కన్నాలు లేని స్టీలు జాలీ కోసి బిగించాను, వైపర్ లింకేజీకి తగలకుండా, వాననీళ్లు పోయే దారికి అడ్డం రాకుండా.

ఓనరుకి గట్టిగా చెప్పింది ఎలుకల మందు గురించి. ఎక్కువగా వాడే మందులు రక్తం గడ్డకట్టకుండా చేసే రకం, తిన్న వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా అది తన గూటికి చేరుతుంది. గూడు మీ కారులో ఉంటే చచ్చేది కూడా మీ కారులోనే. కాబట్టి కారులో మందు పెట్టొద్దు, కారు నిలిపే చోటు చుట్టూ బోను పెట్టండి. కలరా ఉండలు బ్లోయర్ దగ్గర వేస్తే ఆ ఆవిరి మీరే పీలుస్తారు. కారు వాడకపోయినా మధ్యమధ్యలో కదపండి, బానెట్ ఎత్తి చూడండి.

డెలివరీ ఇచ్చేటప్పుడు ఇంకో మాట ముందే చెప్పాను. మొదటి కొన్ని రోజులు హీటర్ వేస్తే సన్నగా వాసన రావొచ్చు, ప్లాస్టిక్ పెట్టె పీల్చుకున్నది వేడికి బయటపడుతుంది, అద్దాలు దించి కాసేపు నడపండి, రోజురోజుకీ తగ్గాలి. తగ్గకపోతే ఫోన్ చేయండి, అప్పుడు డ్యాష్‌బోర్డు దించుదాం అని. ఆ ఫోన్ రాలేదు.

తర్వాతి సర్వీసుకి కారు వచ్చినప్పుడు ఆయిల్ మార్చక ముందే కేబిన్ ఫిల్టర్ లాగి చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. బ్యాటరీ ట్రే కింద కారం టేపు అంచున కొత్త పంటి గాటు ఒకటి కనిపించింది, లోతుగా పోలేదు, వైరు దాకా రాలేదు. ఆ చోట టేపు ఇంకో పొర చుట్టి, బోను ఎక్కడ పెడుతున్నారో ఓనరుని అడిగితే గోడకి దూరంగా పెడుతున్నామన్నారు. ఎలుక గోడ వెంటే నడుస్తుంది, గోడకి ఆనించి పెట్టమని చెప్పి పంపించాను.